చుక్కాయన నూనె వెయ్యని తలుపు

చుక్కాయనకి లోకంలో పడనిది ఒక్కటే, కిర్రుమనే చప్పుడు. ముఖం మీద తిట్టినా నవ్వి ఊరుకుంటాడు, చెప్పు తెగితే కుంటుకుంటూ ఇంటికొస్తాడు. కానీ ఎక్కడైనా ఇనుము ఇనుముని రాసుకుని కిర్రుమందా, ఆయన ప్రాణం విలవిల్లాడిపోతుంది. చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోతుంది. జేబులో పొడుగు ముక్కున్న చిన్న నూనె డబ్బా ఉంటుంది. దాంతో ఒకే ఒక్క చుక్క వేస్తాడు. వేసి, అందులో సగం గుడ్డతో తుడిచేస్తాడు.

"తుడిచేసేదానికి వెయ్యడం దేనికండీ?" అని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు.

"తుడిస్తేనే వేసినట్టు. లేకపోతే పోసినట్టు."

ఆయన వృత్తి తుపాకుల మరమ్మతు. బ్యాంకుల ముందు, నగల దుకాణాల ముందు నిలబడే గార్డుల తుపాకులన్నీ ఆయన చేతిమీదుగా వెళ్ళాల్సిందే. తుపాకీకి నూనె ఎంత కావాలని ఎవరైనా అడిగితే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. ఆ ఉపన్యాసం 'ఒక్క చుక్క' దగ్గర మొదలై, ఊరంతా తిరిగి, మళ్ళీ 'ఒక్క చుక్క' దగ్గరే ఆగుతుంది. ఈలోగా విన్నవాడి టీ చల్లారిపోతుంది. చుక్కాయన అనే పేరు అలా వచ్చింది. ఆ పేరు విని కొత్తవాళ్ళు ఇంకేదో అలవాటు ఉందనుకుని దూరం జరిగేవారు. పాపం, ఆయన టీ తప్ప మరేదీ ముట్టడు.

ఒకసారి పంటినొప్పితో బుగ్గ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కుర్చీలో పడుకోబెట్టగానే కుర్చీ కిర్రుమంది. డాక్టరు నోరు తెరవమంటే తెరవడే! "ముందు నన్ను దిగనివ్వండి బాబూ" అని దిగి, కుర్చీ కిందికి దూరి, చుక్క వేసి, తుడిచి, ఆ హాయిలో పన్ను సంగతే మరిచిపోయి ఇంటికి వచ్చేశాడు. "నొప్పి తగ్గిందా?" అని అడిగితే "పూర్తిగా పోయింది, ఇప్పుడు మెత్తగా తిరుగుతోంది" అన్నాడు.

ఆయన ఉండే మూడంతస్తుల భవనంలో ఒక్కొక్క తలుపే ఆయన చేతిలో నోరు మూసుకుంది. దానితో జనానికి కొత్త కష్టాలు వచ్చిపడ్డాయి. ఎవరు ఎప్పుడు వెనక వచ్చి నిలబడతారో తెలియదు. పై అంతస్తు లెక్కల మాస్టారికి డాక్టరు తీపి మానిపించాడు. ఒకరోజు ఆయన చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి భార్యకి దొరికిపోయాడు.

"ఇన్నాళ్ళూ ఆ వంటింటి తలుపే నన్ను కాపాడింది. దాని గొంతు నొక్కేశావు కదయ్యా!" అని మాస్టారు మెట్లమీద నిలబడి మొత్తుకున్నాడు.

అంత భవనంలోనూ కిర్రుమనే తలుపు ఒక్కటే మిగిలింది. అది చుక్కాయన గదికి సరిగ్గా ఎదురుగా ఉన్న కర్టెనమ్మ తలుపు.

కర్టెనమ్మ కర్టెన్లూ దిండు గలీబులూ కుట్టి బతుకుతుంది. భర్త పోయాక పాత ఇల్లు వదిలేసి ఈ ఒంటిగదిలోకి వచ్చింది. ఎక్కడో ఉన్న చెల్లెలు ఆదివారం ఫోన్ చేస్తుంది. మిగతా రోజుల్లో ఆవిడతో మాట్లాడేది కుట్టుమిషను ఒక్కటే. వచ్చిన వాళ్ళు తమ కిటికీల గురించి మాట్లాడి వెళ్ళిపోతారు, 'నువ్వెలా ఉన్నావు' అని ఎవరూ అడగరు. కొన్ని సాయంత్రాలు తన గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కొలతలే పైకి చదువుకునేది. ఒంటరితనం ఆవిడకి అలవాటైందని అందరూ అనుకునేవారు. అదేమీ అలవాటు కాలేదు.

ఆవిడ బాధల్లా ఆ తలుపే. తెరిస్తే గాడిద ఓండ్రపెట్టినట్టుండేది, మూస్తే ఆ గాడిదని ఎవరో తన్నినట్టుండేది.

పోనీ చుక్కాయన ఆ గదిలోకి రాడా అంటే, వస్తాడు. మిషనుకి చుక్క వేస్తాడు, కత్తెరకి వేస్తాడు, కిటికీ గడియకి వేస్తాడు. ఆ పళంగా డబ్బా జేబులో పెట్టుకుని, ఓండ్రపెట్టే తలుపు తీసుకునే, పళ్ళు బిగబట్టుకుని వెళ్ళిపోతాడు.

"అన్నయ్యగారూ, తలుపు సంగతి?" అని ఆవిడ వెనకనుంచి కేకేస్తే రోజుకో సాకు చెప్పేవాడు.

"వానలు వెళ్ళనీ చెల్లెమ్మా, చెక్క ఉబ్బి ఉంది."

వానలు వెళ్ళాయి.

"ఎండలకి చెక్క బిగిసింది, ఇప్పుడు ముట్టుకోకూడదు."

ఎండలూ వెళ్ళాయి. "ఇంకా దాని ఈడు రాలేదు చెల్లెమ్మా" అన్నాడొకసారి. తలుపుకి ఈడేమిటో ఆవిడకి అర్థం కాలేదు.

పోయిన వానాకాలం ఇంకో విచిత్రం జరిగింది. ఆవిడకి జ్వరం వచ్చి పొద్దున్నే లేవలేకపోయింది. ఇంతలో చుక్కాయన తలుపు బాది, "మీ ఫ్యాను కిర్రుమంటోంది, చూసిపోదామని వచ్చాను" అన్నాడు. తీరా చూస్తే ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది. ఆయనే డాక్టరుని పిలుచుకొచ్చాడు. ఫ్యాను పుణ్యమా అని బతికాననుకుంది కర్టెనమ్మ. ఆ పూట భవనమంతటికీ కరెంటు లేదన్న సంగతి ఆవిడకి అప్పుడు తట్టలేదు.

మిషన్ ఆయిల్ సీసా ఆవిడ బల్లమీదే ఉండేది. తలుచుకుంటే తనే పోసుకోగలదు. కానీ తనే పోసుకుంటే, అందరి తలుపులకీ వేసినాయన తన తలుపుకి వెయ్యలేదన్నది ఖాయమైపోతుంది. అది ఒప్పుకోవడానికి మనసు రాక ఆగింది. చప్పుడుకన్నా, లెక్కలోంచి తనని తీసేశారన్న బాధ ఆవిడకి ఎక్కువగా ఉండేది.

ఒకరోజు బజారులో తుపాకులు బాగుచేసే తన గదికి కర్టెన్ కావాలని చుక్కాయనే చెప్పి కుట్టించాడు. బయటి దుమ్ము వచ్చి నూనె మీద వాలుతోందట. ఆవిడ కర్టెన్ పట్టుకుని వెళ్ళేసరికి లోపల బల్లమీద ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ మడిచి ఉంది. పక్కన తలొంచుకుని ఒక గార్డు నిలబడి ఉన్నాడు. అతను వాళ్ళ భవనంలోనే కింద అంతస్తులో ఉంటాడు, రాత్రి డ్యూటీ దిగి వచ్చి చుక్కాయనతో టీ తాగి పడుకుంటాడు.

"ఏమిట్రా ఇది?"

"తుపాకీ సార్."

"తుపాకీ కాదు, చేప. పట్టుకుంటే జారిపోతోంది. ఎంత పోశావు?"

"భద్రంగా ఉంటుందని... సగం సీసా సార్."

చుక్కాయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "ఇలా చూడు. ఈ మడత దగ్గర రాపిడి ఉంది, ఇక్కడ ఒక్క చుక్క. మెరవాలి, కారకూడదు. అసలు వెయ్యకపోతే అరిగి బిగుసుకుపోతుంది. ఎక్కువ పోస్తే దుమ్ము కూర్చుని ముద్దకడుతుంది. ఇక ఈ సన్న సూది చూశావా? ట్రిగ్గర్ నొక్కితే తూటాని వెనకనుంచి పొడిచేది ఇదే. దీని దారి పొడిగా ఉండాలి. ఇక్కడ నూనె నిలిచిందంటే సూది బద్ధకిస్తుంది, తూటా పేలదు."

"చప్పుడు తగ్గితే మంచిదే కదా సార్? మీకు చప్పుడంటే పడదుగా?"

"ఒరేయ్, మోగాల్సింది మోగకపోతే, నువ్వు ఆపదలో ఉన్నావని నలుగురికీ ఎలా తెలుస్తుందిరా?" అంటూ తలెత్తి, గుమ్మంలో కర్టెనమ్మని చూసి, చటుక్కున తల తిప్పుకున్నాడు.

ఆవిడ మాత్రం చూపు తిప్పలేదు. "అన్నయ్యగారూ, ఆ ఇనుప ముక్కకున్న పాటి విలువ నా తలుపుకి లేదా?"

"అది అలాగే ఉండనీ చెల్లెమ్మా," అన్నాడాయన, గుడ్డ నలుపుతూ.

కర్టెన్ బల్లమీద పడేసి ఆవిడ ఇంటికి వచ్చేసింది. దారంతా ఏడుపు వచ్చింది, గుమ్మం చేరేసరికి అది కోపమైంది. మిషన్ ఆయిల్ సీసా తీసుకుని, స్టూలెక్కి, పై బందుకీ కింది బందుకీ సీసాడూ గుమ్మరించింది. చుక్కలు కావు, ధారలు! గాడిద గుటకలు వేసి మూగబోయింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ చడీచప్పుడూ లేకుండా వసారా చివర పంపు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు పట్టుకుని, చడీచప్పుడూ లేకుండా వచ్చి కూర్చుంది. తలుపు దగ్గరగా వేసింది కానీ గడియ పెట్టలేదు. మిషను కూడా ముట్టుకోలేదు. ఎవరైనా గమనించి 'అబ్బ, ఎంత నిశ్శబ్దం!' అంటారేమోనని చూస్తోంది. అనేవాళ్ళెవరూ కనబడలేదు. గెలిచిన ఇంట్లో అంత దిగులుగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

కాసేపటికి తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి. "చెల్లెమ్మా! చెల్లెమ్మా!"

నిలబడనీ కాసేపు, అనుకుంది కర్టెనమ్మ. కదల్లేదు.

"పలకడం లేదురా! భుజం పెట్టు!"

బయట ఇద్దరూ బలంకొద్దీ తోశారు. గడియ లేని తలుపు, సీసాడు నూనె తాగిన బందులు! తలుపు కిక్కురుమనకుండా తెరుచుకుంది, ఆ ఊపులో ఇద్దరూ గుమ్మం దగ్గరి నూనె మడుగులో కాలేసి, గదంతా జారుకుంటూ వచ్చి కర్టెన్ల కుప్పలో తలలు దూర్చారు. ముందు గార్డు తల బయటికొచ్చింది. తరవాత చుక్కాయనది, నెత్తిమీద ఒక దిండు గలీబుతో సహా.

"బాగున్నావా చెల్లెమ్మా?" అన్నాడు రొప్పుతూ. ఆవిడ ముఖంలోకి తేరిపార చూశాక గుమ్మం వైపు చూశాడు. "ఎంత పోశావు?"

"సీసాడు."

చుక్కాయన కళ్ళు మూసుకున్నాడు.

"పొద్దున్నే ఈ గోలేమిటి? నేను బాగుండకపోవడమేమిటి?" అంది ఆవిడ.

గార్డు మోకాలు రుద్దుకుంటూ కక్కేశాడు. "మీ తలుపు మోగితేగానీ ఈయన టీ తాగడమ్మా. రోజూ గ్లాసు పట్టుకుని చెవి అటు పడేసి కూర్చుంటాడు. అది ఓండ్రపెట్టగానే 'హమ్మయ్య, లేచింది' అని అప్పుడు మొదటి గుక్క. ఇవాళ రెండుసార్లు వేడిచేయించాడు. నా నిద్ర కాస్తా పోయింది."

వానాకాలం నాటి ఫ్యాను, కరెంటు లేని ఆ పొద్దు కర్టెనమ్మకి ఇప్పుడు గుర్తొచ్చాయి. చప్పుడంటే ఒళ్ళు జలదరించే మనిషి ఇన్నాళ్ళూ పొద్దున్నే ఆ గాడిద గొంతు కోసం చెవి పెట్టి కూర్చున్నాడు. తను లేచిందో లేదో కనుక్కునేవాళ్ళు ఎవరూ లేరని తను అనుకుంటున్న రోజులన్నీ అవే. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడవడం బాగుండదని నవ్వింది.

"ముందే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ?"

"చెబితే, పనిమాలా కనిపెడుతున్నాడని చిన్నబుచ్చుకుంటావేమోనని..." అంటూ నెత్తిమీది గలీబు తీసి మడతపెట్టాడు. "సరే, కిరసనాయిలుందా? నువ్వు గీతలు గీసే సుద్దముక్క ఒకటి ఇలా ఇవ్వు."

నూనె వెయ్యడంలో పేరుపడ్డ మనిషి ఆ పొద్దంతా నూనె తీశాడు. కిరసనాయిలుతో బందులు కడిగాడు, గుడ్డతో తుడిచాడు, సుద్ద పొడి అద్ది మిగిలిన జిడ్డంతా లాగేశాడు. చెవి ఆనించి తలుపు ఆడించాడు. మొదట చిన్న మూలుగు వచ్చింది. "ఇంకొంచెం," అని మళ్ళీ తుడిచాడు. చివరికి గాడిద పూర్తిగా కోలుకుని భవనం అదిరేలా ఓండ్రపెట్టింది.

"మళ్ళీ మొదలైందా!" అని పైనుంచి మాస్టారు అరిచాడు.

చుక్కాయన ఒళ్ళు జలదరించింది. "హమ్మయ్య!" అన్నాడు.

"మరి మీ తలుపో?" అంది కర్టెనమ్మ.

"నాదా? గాలికి తెరుచుకుంటుంది. ఈ భవనంలోకల్లా మెత్తటి తలుపు నాదే."

"అదే అడుగుతున్నాను. మీరు లేచిందీ లేనిదీ నాకెలా తెలియాలి?"

ఆ మాట ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కర్టెనమ్మ కిరసనాయిలు సీసా, గుడ్డ, సుద్దముక్క తీసుకుని ఎదురుగదికి నడిచింది. ఆ గదిలోకి వెళ్ళడం ఆవిడకి అదే మొదలు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు ఉన్నాయి. ఏదీ కిర్రుమనదు, ఏదీ పలకదు. తన గదిలో మిషనైనా మాట్లాడుతుంది, ఇక్కడ అదీ లేదనుకుంది ఆవిడ. చీర కుచ్చెళ్ళు బిగించి కింది బందు దగ్గర కూర్చుంది.

"చెల్లెమ్మా, మరీ అంత పొడిగా తుడవకు," అని ఆయన గుమ్మంలో నిలబడి బతిమాలాడు.

"మీరు మాట్లాడకండి. తుడిస్తేనే వేసినట్టు."

మర్నాడు పొద్దున్న గాడిద మామూలుగా ఓండ్రపెట్టింది. కర్టెనమ్మ గుమ్మంలోనే టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా నిలబడింది. కాసేపటికి ఎదురు తలుపు పిల్లి తోక తొక్కినట్టు కీచుమంటూ తెరుచుకుంది. ముఖమంతా ముడుచుకుని, జేబులో డబ్బాని గట్టిగా పట్టుకుని, చుక్కాయన బయటికొచ్చాడు.

"లేచారా అన్నయ్యగారూ?"

"లేచాను చెల్లెమ్మా," అన్నాడు పళ్ళు బిగబట్టుకుని. "ఒక్క అర చుక్క వేసుకోనా?"

"వీల్లేదు," అని కర్టెనమ్మ మొదటి గుక్క తాగింది.