కుప్పలో దూరిన ఎర్రతేలు

ఆ రోజు సిగ్గుపడి నిజం దాచడం నా తప్పు. పురుగుల ఫోటోలు తీసుకుంటూ తిరుగుతుంటే, శింగనమల దగ్గర చేనిగట్టు రాయి కింద ఎర్రతేలు కనబడింది. ఫోటోలో వెనక పచ్చగా ఉండాలని దాన్ని పుల్లతో, అప్పుడే పీకిన వేరుశనగ చెట్ల కుప్ప మీదకు జరిపాను. కెమెరా సరిచేసేలోగా అది లోపలికి దూరింది. ఇంతలో కాయలు తెంపడానికి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు.

"ఏమన్నా, మా కుప్పలో ఏం దేవులాడతాండావు?" అంది ఖాసింబీ.

"ఏదో పురుగులే" అన్నాను.

"పురుగులకు ఫోటోలా!" అని నవ్వుతూ ఒక చెట్టు లాగి, కెవ్వుమంది.

ఆమెను నా బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాను. ప్రాణభయం లేదని డాక్టరు చెప్పాకే నిజం ఒప్పుకున్నాను.

"ముందే చెప్పింటే చెయ్యి పెట్టకపోదును గదన్నా" అంది.

ఆమె కోలుకునేదాకా కెమెరా ముట్టలేదు. ఆమె చోట కూర్చుని, ఒక్కో చెట్టూ దులిపి, కాయలు తెంపాను.