వెన్న రాసిన బంతి

మా అన్న పోయిన గురువారం పోయాడు. పొద్దున పాలు పిండి, అఫ్జల్‌గంజ్ దాకా వాడుక ఇళ్లన్నిటికీ పోసి, మలక్‌పేటలోని ఇంటికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడట. కబురు తెచ్చిన మనిషి నాతో మొదట చెప్పిన మాట, "ఇయ్యాల గూడ పాలు అందరికి అందినయి అన్నా" అని. ఏడుస్తూనే నవ్వాను. మా అన్న పని సగంలో వదిలేసి పోయే మనిషి కాదు.

అన్న జన్మలో ఎప్పుడూ ఫుట్‌బాల్ ఆడలేదు. అయినా మా జట్టు సంగతి ఎవరు ఎత్తినా ముందు అతని మాటే వస్తుంది. యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను పనిచేసే కారఖానా ఒక జట్టును పోషించేది. పగలు మిషన్ల దగ్గర, సాయంత్రం మైదానంలో. జీతం ఆటకే అనుకోండి, పని పేరుకే. కాకపోతే ఒక్కడి నౌకరీ కూడా పక్కా కాదు. ఆ ఏడు వానాకాలం పోటీలు మొదలవుతుండగా మేనేజర్ సాబ్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, "కప్పు తెండి, పదకొండు మందినీ పక్కా చేస్తా" అన్నాడు. నేను గోల్ కాసే గోలీని. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రిని.

ఆటకు బంతి ఇచ్చేది మా కారఖానానే. తోలు బంతి వానకు నానిందంటే బండరాయే, మావేమో ఉత్త కాళ్లు. ప్రతి ఆట తర్వాత వేళ్లు వాచి కుంటుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లం. అన్నకు మా కాళ్లు చూసి ప్రాణం ఉసూరుమంది. పగిలిన మడమకు, కిర్రుమనే తలుపుకు, దూడ మూతికి, అన్నిటికీ అతని దగ్గర ఒకటే మందు, వెన్న. బంతికీ అదే పట్టించాడు. ఆటకు రెండు రోజుల ముందు రాసి, కొట్టం కప్పు మీద ఎండలో పెట్టేవాడు. తోలు వెన్నను తాగేసి, వాన పడినా నానకుండా తేలిగ్గా ఎగిరేది. ఆట అయ్యాక తలా ఒక ముంత మజ్జిగ పోసేవాడు. అందరితో పరాచికాలే. కొట్టంలో తన్నే బర్రెకు మా సెంటర్ ఫార్వర్డ్ పేరు పెట్టాడు. ఆ పిల్లగాడు అలిగితే, "అది గూడ నీ లెక్కనే తమ్మీ, ఊకె తంతది గని సూటిగ తన్నదు" అన్నాడు.

చివరి ఆట దాకా మేమే ముందున్నాం. ఆ ఒక్క ఆటలో ఓడకపోతే చాలు, కప్పు మాదే. కానీ ఆ వారమంతా ముసురు. ఎండ పొడ లేదు. బంతి ఎక్కడ నానిపోతుందోనని అన్న ఆ పొద్దున్నే ఇంకో రెండు ముద్దలు దట్టంగా పట్టించి తెచ్చాడు. అవతలి గోలీ బంతిని పిడికిలితో కొట్టేవాడు. నాకేమో పట్టుకునే అలవాటు. ఆట ముగుస్తుందనగా ఒక బంతి మెల్లగా, పసిపిల్లలు కూడా పట్టుకునేంత మెల్లగా నా మీదికి వచ్చింది. పట్టుకున్నాను. చేతుల్లోంచి జారి, కాళ్ల మధ్య నుంచి గోల్‌లోకి దొర్లింది. ఓడిపోయాం.

"అమ్ముడువోయిండు" అన్నారు జనం. మా జట్టువాళ్లు ఆ మాట అనలేదు గానీ కాదనీ అనలేదు. నన్ను పనిలోంచి తీసేస్తారని తెల్లారేసరికి కారఖానా అంతా పుకారు. ఆ రోజు కలిగినంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు అన్న పాల క్యాను పక్కన పెట్టి, బంతి ఒక చేత్తో, ఆకులో వెన్నముద్ద ఇంకో చేత్తో పట్టుకుని నేరుగా సాబ్ గదిలోకి వెళ్లాడు. మేమంతా వాకిట్లో నిలబడి చూస్తున్నాం. బంతికి వెన్న పూసి, "సాబ్, జర పకడ్‌కే దేఖో" అని మెల్లగా విసిరాడు. సాబ్ పట్టుకోబోయాడు. బంతి జారి, తెల్లకోటు మీద ఇంత మరక చేసి కింద పడింది. "మా తమ్ముని తప్పు లేదు సాబ్. తప్పు నాది" అన్నాడు అన్న, చేతులు కట్టుకుని.

సాబ్ కోటు చూసుకుని నవ్వాడు. నన్ను ఉంచాడు, జట్టుకు ఇంకో ఏడాది గడువిచ్చాడు. కెప్టెన్ మాత్రం అన్నతో ఖరాఖండిగా చెప్పాడు, "భాయ్, నువ్వింక బాల్ ముట్టొద్దు. మైదానం చుట్టు కట్టిన తాడు అవతలనే ఉండాలె."

"మంచిది" అన్నాడు అన్న. మజ్జిగ మానలేదు. ఒక్క ఆటకు రాకుండానూ ఉండలేదు. తాడు అవతల, నా గోల్ వెనకాల నిలబడేవాడు. నేను వెనక్కి తిరిగితే, "ఇటేంది చూస్తవ్, అటు చూడు" అని కసిరేవాడు. నా నౌకరీ అతని వల్లే పోబోయిందన్న దిగులు అతనికి ఉండేదని వదిన తర్వాత చెప్పింది. నాతో ఒక్కనాడూ అనలేదు.

మరుసటి ఏడు గెలిచాం. అందరి నౌకరీలూ పక్కా అయ్యాయి. అయితే నాకు ఎక్కువ గుర్తున్నది కప్పు కాదు.

ఆ ఏడు చివరి ఆటలో ఎవరో తన్నిన బంతి నా గోల్ పక్క నుంచి పోయి, తాడు దాటి, సరిగ్గా అన్న కాళ్ల దగ్గర ఆగింది. అన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. మైదానం మధ్యలోంచి కెప్టెన్ అరిచాడు, "క్యా భాయ్, గట్ల నిలబడ్డవేంది? బాల్ తే! నువ్వు తేకుంటే ఎవలు తెస్తరు?"

అన్న వంగి బంతి తీశాడు. భుజం మీది తువ్వాలతో బురద తుడిచాడు. తర్వాత తన అరచేతులు తుడుచుకున్నాడు. విసరలేదు. తాడు కింద నుంచి దూరి, అందరూ చూస్తుండగా నడిచి వచ్చి బంతిని నా చేతుల్లో పెట్టాడు. నేను గట్టిగా పట్టుకున్నానని నమ్మకం కుదిరేదాకా, నా చేతుల మీంచి తన చేతులు తీయలేదు.