కొంగుకు కుదిరిన మాస్కు

మా నాయిన దానికి పెట్టిన పేరు చిక్కం. వేరుశనగ చేనులో గుంటుక తోలేటప్పుడు ఎద్దులు పైరు మేయకుండా మూతికి కట్టే తాళ్ల బుట్ట అది. అమ్మ పడుకునేటప్పుడు ముక్కుకు తగిలించుకునే గాలి మిషన్ మాస్కును చూసి, "ఇగ నువ్వు ఏ చేన్ల మేయవు పో" అన్నాడు.

"ముందుగాల నీ నోటికి కట్టాలె" అంది అమ్మ.

నవ్వులాట సరే, అది కుదరకపోతే అమ్మకు పని ఉండదు. అమ్మ ధరూరు బడిలో పిల్లలకు వండుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడంతో పగలంతా కునుకే. ఒకసారి ఉడికే పప్పు ముందు తూగి చెయ్యి కాల్చుకుంది. మాస్కుతో సరిగ్గా నిద్రపోయేదాకా పొయ్యి దగ్గరికి పోవద్దని గద్వాల దవాఖానలో చెప్పారు.

మాస్కేమో కళ్లలోకి గాలి కొట్టేది, పాలకుక్కర్‌లా కూత పెట్టేది. నాయిన పట్టీలు బిగించాడు. ఇంకా బిగించాడు. పొద్దునకు ముక్కు మీద ఎర్రటి గాడి పడింది, కూత మాత్రం పోలేదు.

"మీ పుట్టింటి ముక్కు ఏ కంపెనీకీ కుదరదు" అని తేల్చేశాడు.

గాడి తగ్గాలని పట్టీలు మళ్లీ వదులు చేశాం. ఒక మధ్యాహ్నం ఈగల బాధకు అమ్మ తలమీద కొంగు కప్పుకొని, దాని మీదుగానే మాస్కు పట్టీలు తగిలించుకొని పడుకుంది. కూత లేదు! చదువుతున్న పుస్తకం మూసేశాను. అప్పుడు గుర్తొచ్చింది. వనపర్తి దుకాణంలో మాస్కు కొలత చూసిన రోజు, పడుకొమ్మంటే అమ్మ వినలేదు. పరాయి మగమనిషి ముందు నిండుగా కొంగు కప్పుకొని కూర్చునే ఉంది. అతను పట్టీలు సరిచేసింది అమ్మ తలకు కాదు, కొంగు మడతలకు. కొంగు లేకపోతే నూనె జుట్టు మీద వెనక పట్టీ పైకి జారేది. నాయిన బిగించిన కొద్దీ మాస్కు ముక్కును నొక్కేది.

నిద్రలో కొంగు ఎంతసేపు నిలుస్తుంది? ముగ్గురం మళ్లీ వనపర్తి పోయాం.

"పండుకోని చూడాలె అక్కా" అన్నాడు దుకాణమతను.

"అయితే నువ్వు బయటికి పో" అంది అమ్మ.

అతను తెర అవతల నిలబడి చెప్పాలి, నేను చెయ్యాలి. బస్సులో మా ఊరొచ్చినా 'ఆపండి' అనలేక, తర్వాతి స్టేజీలో దిగి నడిచొచ్చే మనిషిని నేను.

"మిషన్ ఆన్ చెయ్ చెల్లె. గాలి ఏడికెళ్లి పోతుంది?"

"ఎడమ కన్ను..."

"ఇనవడ్తలేదు!"

"ఎడమ కన్ను!" వీధి వీధంతా విన్నది.

"పట్టీలన్నీ వదులు చెయ్. మాస్కు జర లేపి మల్ల పెట్టు. రెండు దిక్కుల సమానంగ, మెల్లగ గుంజు."

వెనక పట్టీని మెడ దగ్గరికి దింపాను. కూత ఆగిపోయింది.

"కుదిరిందా చెల్లె?" అని అతను, "చిక్కం పట్టిందా బిడ్డా?" అని నాయిన ఒకేసారి అరిచారు.

అమ్మ వైపు చూశాను. కొంగు ఎప్పుడో జారిపోయింది. గురక లేకుండా, పట్టపగలు, పరాయి దుకాణంలో హాయిగా నిద్రపోతోంది.

తెర పక్కకు లాగి తల బయటపెట్టాను.

"లొల్లి బంద్ చెయ్యుండ్రి! అమ్మ పండుకుంది. మల్ల పప్పు వండాలె."