డమ్మీ కక్ష్య చేరిన రోజు

మూడేళ్ల కిందటి ఎండాకాలం. సూళ్లూరుపేటలో రాకెట్ పనులకు విడిభాగాలు చేసిచ్చే షెడ్డులో నేను ఫిట్టర్‌ని. చిన్న ఉపగ్రహాల కోసం బుల్లి రాకెట్లు వచ్చాక మాకు కొత్త తొందర పట్టుకుంది. వాటిని వారంలో బిగించేస్తారు, ఎవరి కోసమూ ఆగరు. ఒక ఉపగ్రహం సమయానికి సిద్ధం కాకపోతే ఆ చోటు ఖాళీగా వదలరు, తూకం చెడుతుంది. అంతే బరువున్న అల్యూమినియం దిమ్మ పెడతారు. దాన్ని మాస్ డమ్మీ అంటారు. ప్రతి ఉపగ్రహానికీ ఒకటి ముందే చేసి ఉంచేవాణ్ణి. అప్పటిదాకా ఒక్కటీ ఎగరలేదు. ఒక్కటైనా పైకి పోదా అని లోలోపల ఆశగా ఉండేది.

ఆ విడతలో తిరుపతి వైపు నుంచి లావణ్య అనే అమ్మాయి, కాలేజీలో చేసిన ఉపగ్రహం తెచ్చింది. టిఫిన్ డబ్బా అంత ఉంది. ఒక్కతే వచ్చింది.

“మీవాళ్లు యాడమ్మా?” అన్నాను.

“ఐదుగురం మొదలుపెట్టినామన్నా. నలుగురూ ఉద్యోగాలొచ్చి పోయినారు. దీనికోసం నేనొక్కదాన్నే ఉండిపోయినా.”

రాకెట్ కుదుపులన్నీ బల్ల మీదే ముందుగా చూపించే వైబ్రేషన్ టెస్ట్ అయ్యాక దాని రేడియో పలకలేదు. లోపల టంకం విరిగింది. మర్నాడు మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. పొద్దున పదికల్లా పలికించింది కూడా. కానీ విప్పి బిగించినదాన్ని మళ్లీ కుదిపి చూడాలి, దానికి ఇంకో రోజు కావాలి. రాకెట్ వాళ్లు కుదరదన్నారు, దాని చోట నా డమ్మీ పెట్టమన్నారు. పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. నేరుగా నా దగ్గరికే వచ్చింది.

“అన్నా, సివరి తూకంలో మాది పద్దెనిమిది గ్రాములు పెరిగింది. లెక్కలన్నీ దాని మీదే యేసినారు. నీ డమ్మీ పాత బరువే ఉండాది. సరిచెయ్యి.”

ఇత్తడి బిళ్ల ఒకటి బిగించాను. పక్కనే నిలబడి తూకం తనే చదివింది. భోజనానికి రమ్మంటే రాలేదు. నా డమ్మీ ఎగరబోతోందన్న సంబరం బయటపడుతుందేమో అని తల వంచుకుని పని చూసుకున్నాను.

నాలుగో రోజు ఉదయం పులికాట్ రోడ్డు మీద నిలబడి ఇద్దరమూ రాకెట్ లేవడం చూశాం. కాసేపటికి అన్నీ కక్ష్య చేరాయని కబురు తెలిసి, అదే రాకెట్‌లో వెళ్లిన మిగతా రెండు ఉపగ్రహాల వాళ్లు కావలించుకుని గంతులేశారు. లావణ్య ఉపగ్రహం పెట్టెను చంకన పెట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

“నీది సేరిందంటన్నా. ఇంట్లో సెప్పు, సంతోషపడతారు.”

చెప్పలేదు. ఇన్నేళ్లలో నా పనికి దక్కిన మెప్పు అదొక్కటే. అది ఆ పిల్ల నష్టం మీద వచ్చింది, ఎవరితో పంచుకోను? ఇప్పటికీ డమ్మీలు చేస్తున్నాను, గ్రాము తేడా రానివ్వను. ఇది ఎగరకుండా బల్ల మీదే ఉండిపోవాలని మాత్రం ఒక్కోటీ చేసేటప్పుడు మొక్కుకుంటాను.