ఊటీలో భారతి మీద పడ్డ నింద

ఏడేళ్లుగా నేను ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే నలిగిపోయాననీ, నిద్రలు మానేశాననీ అనుకోకండి. హాయిగా తిన్నాను. పడుకున్నాను. పండక్కి చీరలు కొనుక్కున్నాను. ఎప్పుడైనా మెట్రోలో నిలబడి ఉండగా గుర్తొచ్చి ఒళ్లు మండేది. ఆ మంట ఎవరి మీద? చాలా ఏళ్లు అందరి మీదా అనుకున్నాను, నా మీద తప్ప.

నా పేరు మీకు అవసరం లేదు. చేసిన పని చాలు.

చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో అడ్మిషన్ల కౌంటర్ నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫారాలు నింపడమే పని. పిల్లల తల్లిదండ్రులకు రోజూ చెబుతాను: ఒక్క గడి తప్పు నింపినా మీ పిల్లలకే నష్టం, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అని. ఆ మాట ఇప్పటికీ చెబుతున్నాను. చెప్పగలుగుతున్నాను. చూశారా నా సంగతి.

సైదాబాద్‌లో సర్కారు బడిలో కలిసి పదో తరగతి చదివిన ఆడవాళ్లం పదకొండు మందిమి, పాతికేళ్ల తర్వాత ఒక వాట్సాప్ గ్రూపులో కలుసుకున్నాం. దాన్ని మొదలుపెట్టింది శ్రీలత. వాళ్ల నాన్న గుంటూరు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డాడు. బడిలోనూ ఆమే లీడరు, గ్రూపులోనూ ఆమే. కొన్నాళ్లకు అందరం కలిసి ఎటైనా వెళదామన్నారు. తక్కువలో అయిపోవాలి, భద్రంగా వెళ్లి రావాలి, ఇంట్లో మగవాళ్లు వేలెత్తి చూపకూడదు. ఫారాలు, టికెట్లు అంటే ఇంకెవరు? నేనే.

ఊటీ అనుకున్నాం. రైలు, బస, అక్కడి బండి, అన్నీ ముందే మాట్లాడి, అందరికీ కలిపి ట్రావెల్ ఇన్సూరెన్సు కూడా చేర్చి, మనిషికి ఇంత అని గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. "నువ్వు లేకపోతే ఈ ట్రిప్ అయ్యేదే కాదు" అని శ్రీలత రాసింది. బడిలో వెనక బెంచీలో కూర్చున్నదాన్ని నేను. నలుగురిలో నన్ను అంతగా మెచ్చుకున్నవాళ్లు అప్పటిదాకా లేరు. ఆ మెసేజీ ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తుంది.

ఆ వారంలోనే భారతి నా ఆఫీసుకు వచ్చింది. భారతిది మీర్‌పేట్. భర్త ఆటో నడుపుతాడు, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది, వీధిలోని ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో లైనింగ్ గుడ్డలు కొనడానికి వచ్చి, మధ్యాహ్నం నన్ను బయటికి పిలిచింది. జ్యూస్ బండి పక్కన నిలబడ్డాం.

"గా ఫారంల రోగాలున్నయా అని అడుగుతరంట గదనే?" అంది.

"అడుగుతరు. నీకేమున్నయే, షుగర్ కూడా లేదు."

ఆమె అటూ ఇటూ చూసింది. "నాకు ఫిట్స్ ఒస్తయ్. చిన్నప్పటి సంది. బడిల ఉన్నప్పుడు ఊకె నాగా పెడుతుంటి చూడు, గందుకే. ఇప్పుడు రోజూ గోలీలేసుకుంటున్న. మూడేండ్ల సంది ఒక్కసారి కూడా రాలే. నువ్వు ఫారంల రాయి. జర గ్రూపుల మాత్రం చెప్పకు."

"చెప్తే ఏమైతదే?"

"కుట్టు నేర్చుకునే పిల్లల అమ్మలకు తెలిస్తే పంపుతరా? నీకొక్కదానికే చెప్తున్న. డాక్టర్ చీటి కావాల్నంటే పంపుతా."

"కావాల్నంటే అడుగుతలే. రాస్త. నువ్వేం పరేషాన్ కాకు."

ఇదీ జరిగింది. ఒక్క మాట కూడా మర్చిపోలేదు నేను.

ఆ సాయంత్రం కౌంటర్ ఖాళీ అయ్యాక ఆఫీసు కంప్యూటర్లోనే ఫారం తెరిచాను. పాత జబ్బులు ఉన్నాయా అన్నచోట నాతో కలిపి పదిమందికి 'లేదు' అని పెట్టాను. భారతి దగ్గర 'ఉంది' అని నొక్కాను. వెంటనే కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి. డాక్టర్ కాగితం జతచేయాలి, కొంచెం ఎక్కువ కట్టాలి, వాళ్లు చూసి ఒప్పుకోవడానికి రెండు రోజులు పడుతుంది. అంతే. ఎక్కువ అంటే ఎంతో కాదు, నేనే వేసుకోగలిగినంత. భారతికి ఫోన్ చేస్తే చీటి ఐదు నిమిషాల్లో వచ్చేది. ఇన్సూరెన్సు రెండు రోజులు ఆలస్యమని గ్రూపులో రాస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పాలి. అందరూ మెచ్చుకున్న నా ఏర్పాటులో చిన్న మచ్చ. మూడేళ్లుగా రానిది మూడు రోజుల్లో వస్తుందా అనుకున్నాను. 'ఉంది' తీసేసి 'లేదు' పెట్టాను.

ఇక్కడితో ఆగి ఉంటే దీన్ని బద్ధకం అనుకోవచ్చు. మీరు కూడా అనవచ్చు, పోనీలే, పొరపాటు చేసిందని. అనకండి. అసలు తప్పు ఇంకా ముందుంది.

కాచిగూడలో రైలెక్కాం. భారతి బడి రోజుల పాటలు పాడింది, అందరి జడల్లో పూలు పెట్టింది. ఊటీలో రెండో రోజు ఒక తోటలో రాతి మెట్లు దిగుతున్నాం. నా ముందు నడుస్తున్న భారతి ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఆగేసరికి కుడి చెయ్యి మోచేతి దగ్గర వంకరగా ఉంది. కుట్టు పని చేసే చెయ్యి.

దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్లాం. ఎముక రెండు చోట్ల విరిగింది, ఆపరేషన్ చేయాలన్నారు. ఇంతకుముందు ఇలా వచ్చేదా అని డాక్టర్ అడిగితే, ఆ మగతలోనే భారతి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ కాగితం ఇన్సూరెన్సు కంపెనీకి వెళ్లింది. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. జబ్బు ఉన్నట్టు ఫారంలో రాయలేదు కాబట్టి డబ్బు ఇవ్వం అని.

అందరం భారతి మంచం చుట్టూ నిలబడి ఉన్నాం. శ్రీలత ముందుగా అంది, "అదేంటి భారతీ, ఇంత జబ్బు పెట్టుకుని చెప్పకుండా ఎలా వచ్చావ్? ఫారంలో అడిగారుగా!"

భారతి నా వైపు చూసింది. భయం లేదు ఆ చూపులో. నేనున్నానన్న నమ్మకంతోనే చూసింది. "నీకు చెప్పిన గదనే. రాస్తనన్నవ్ గద?"

అందరూ నా వైపు తిరిగారు.

"నాకెప్పుడు చెప్పినవే?" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించుకోలేదు. అది చాలదన్నట్టు ఇంకో మాట కలిపాను: "చెప్తే రాయకపోదునా?" కట్టుతో మంచం మీద పడి ఉన్న మనిషితో. నా జడలో అప్పటికి ఇంకా ఆ పొద్దున ఆమె పెట్టిన పూలున్నాయి.

భారతి మళ్లీ మాట్లాడలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. దానికి నాకు ఆమె మీదే కోపం వచ్చింది, నమ్ముతారా? అరిచి ఉండాల్సింది. జ్యూస్ బండి దగ్గర నిలబడి చెప్పాను కదే అని నా జుట్టు పట్టుకుని అడిగి ఉండాల్సింది. ఆమె ఊరుకోవడం వల్లే నా అబద్ధం నిలబడిందని ఎన్నోసార్లు ఆమెను లోపల తిట్టుకున్నాను. ఒకరిని ముంచి, ఎందుకు ఈదలేదని తిట్టే మనిషిని ఏమనాలి?

ఆపరేషన్‌కు అందరూ తలా కొంత వేసుకున్నారు. వేసుకున్నందుకు ఏళ్ల తరబడి మాట్లాడారు. దాచిపెట్టి వచ్చింది, మన ట్రిప్ పాడు చేసింది, అమాయకంగా ఉంటుంది గానీ. తిరిగొచ్చిన నెలలోపే భారతి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లావని ఒక్కరూ అడగలేదు. శ్రీలత చుట్టాలు కొందరు మీర్‌పేట్‌లోనే ఉన్నారు. ఫిట్స్ సంగతి వీధిలో తెలియడానికి ఎంతసేపు? కుట్టుకు వచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. అదీ నాకు తెలుసు. గ్రూపులోనే చదివాను.

ఆ తర్వాత ఇంకో రెండు ప్రయాణాలు నేనే కుదిర్చాను. ప్రతి గడీ జాగ్రత్తగా నింపాను. ఎంత శ్రద్ధే నీకు అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

పోయిన నెల మళ్లీ కేరళ మాట వచ్చింది. శ్రీలత రాసింది: "ఈసారి అందరూ జబ్బులుంటే నిజం చెప్పండమ్మా. భారతిలా చేస్తే మాత్రం నేను రాను." దాని కింద నవ్వే బొమ్మలు పడ్డాయి. వాటిలో ఒకటి నాది. అందరూ పెట్టారని నా వేలు దానంతటదే పెట్టేసింది. పెట్టాక చూసుకున్నాను. వాళ్లకు తెలియక నవ్వారు. నాకేమైంది? నా మీద నాకే అసహ్యమేసింది. ఫోన్ విసిరికొట్టాను. మళ్లీ నేనే తీసి, అద్దం పగిలిందేమో చూసుకున్నాను. అలాంటిదాన్ని.

ఆదివారం మీర్‌పేట్ వెళ్లాను. భారతి గుమ్మంలో కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. కుడి చెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. మోచేతిని ఒంటికి ఆనించి సూది లాగుతోంది. జాకెట్లు కుట్టడం మానేసిందట. నాకు కుర్చీ వేసింది. కూర్చోలేకపోయాను. నిలబడే మొత్తం చెప్పాను. ఆ ఎర్ర అక్షరాలు, నేను మార్చిన గడి, అన్నీ.

ఆమె సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "గిది నాకెందుకు చెప్తున్నవ్? నేను నీకు చెప్పిన్నో లేదో నాకు ఎర్కలేదా? గా దినం దవాఖానల నిలబడ్డోళ్లకు చెప్పు."

"చెప్తా. నన్ను మాఫ్ చేస్తవా?"

"గా మాట అడగకు" అంది. మళ్లీ సూది తీసుకుంది.

ఎల్బీనగర్ వచ్చే బస్సులోనే గ్రూపులో రాసేశాను. తెలుగులో, పూర్తిగా, ఒక్క సాకు కూడా కలపకుండా. భారతి ఇంటికి వెళ్లి మాట్లాడండి అని చివర్లో అడిగాను. ముందు శ్రీలత రాసింది: "ఇప్పుడివన్నీ ఎందుకే? అయిపోయిందిగా." ఇంకొకరు: "మరి కేరళ ఫారాలు ఎవరు నింపుతారు?"

ఏడేళ్లు ఆమెను తిట్టడానికి తీరిక దొరికింది వీళ్లకు. నిజం చదవడానికి మాత్రం ఇప్పుడివన్నీ ఎందుకట. చదువుతుంటే ఒళ్లు మండింది. కానీ వాళ్ల చేతికి ఆ అబద్ధం ఇచ్చింది ఎవరు? వాళ్లను అనడానికి నాకు నోరెక్కడిది?

ఎవరైనా మీర్‌పేట్ వెళ్లారో లేదో తెలియదు. నాకెవరూ చెప్పరు. భారతి నాకు ఫోన్ చేయలేదు, చేయదు. ఆమె చెయ్యి ఇక తిన్నగా అవదు. పిల్లలు మళ్లీ కుట్టుకు వస్తారని నేనేం అనుకోవడం లేదు. గ్రూపులో రాసిన మాటనే మీ ముందు కూడా పెడుతున్నాను, ఇంకెప్పుడూ వెనక్కి తీసుకోలేకుండా. దీంతో నాకు దొరికేది ఇంతే, కొంచెం ఊపిరి.

భారతి ఏదీ దాచలేదు. చెప్పాల్సిన మనిషికి ముందే చెప్పింది. ఆ మనిషిని నేనే.