గుంజ కదిపి చూసే చెయ్యి

2006లో మా దంత వైద్యశాల నన్ను వనపర్తి శాఖకు బదిలీ చేసింది. కట్టుడు పళ్ల విభాగానికి అక్కడ నేనే పెద్ద, నేనే చిన్న. ఒకరోజు వీపనగండ్ల దిక్కు నుంచి కుర్మయ్య అనే రైతు భార్య భాగ్యమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. ఎద్దు కొమ్ము తగిలి ఆమె పైపన్ను, సరిగ్గా ముందుది, ఊడిపోయింది. అప్పటినుంచి కొంగు నోటి మీదే ఉంటోంది.

“నవ్వుడే బంద్ జేసింది సారూ. ఇల్లు ఇల్లు లెక్క లేదు,” అన్నాడాయన. ఆ మాటకు నా మనసు కరిగింది.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మరమేకు. తర్వాత దానిమీద పన్ను కూర్చోబెడతాం. దాన్ని చూపించగానే భాగ్యమ్మ మొహం చిన్నబోయింది. “గిదేంది సారూ, మెరుస్తలేదు? పాతదా?” కొత్తదేనమ్మా అన్నాను. నున్నటి లోహాన్ని ఎముక అంత గట్టిగా పట్టుకోదు. అందుకే తయారీలోనే సన్నటి గరుకు రేణువులతో కొట్టి, ఆమ్లంలో ముంచి, కంటికి కనిపించని గుంటలు పెడతారు. నెత్తురు ఆ గుంటల్లోకి పాకుతుంది, దాని వెంట ఎముక పెరిగి మేకును పట్టుకుంటుంది. అరిగిన రోలుకు గంట్లు పెట్టించినట్టే అంటే ఆమెకు వెంటనే అర్థమైంది.

మేకు బిగించి, పంటి చిగురు పైకి చిన్న మూత కనిపించేలా పెట్టి, ఆ పంటివైపు కొరకొద్దని చెప్పి పంపాను. కొన్ని వారాలకు మళ్లీ వచ్చారు. మూత పట్టుకుంటే మేకు కదిలింది. కదిలిన మేకుకు ఎముక అతకదు, తీసేయాల్సిందే. గట్టివేమైనా కొరికావా అని అడిగితే ఆమె మొగుడి వంక చూసింది.

“గీయన దినాం పొద్దుగాల కదిపి సూస్తుండు సారూ.”

కుర్మయ్య బిత్తరపోయాడు. “గుంజ పాతినంక కదిపి సూడకుంటే ఎట్ల తెలుస్తది? గట్టిపడ్డదా లేదా అని జర సూసిన, గంతే.” కోపం వచ్చిన మాట నిజం. కానీ తీసిన మేకును చూసి ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే ఇంకేం తిడతాను?

ఎముక మానాక కొత్త మేకు వేశాను. ఈసారి ఎవరి వేలికీ అందకుండా చిగురు కప్పి కుట్టేశాను. నెలల తర్వాత చిగురు తెరిచి, మూత బిగించి, పరికరం పిడితో తట్టాను. అతకనిది మొద్దుగా పలుకుతుంది. ఇది ఖంగుమంది.

పన్ను అమర్చిన రోజు కుర్మయ్యను దగ్గరికి పిలిచి చూడమన్నాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకొని వంగి చూశాడు. కుర్చీలో ఉన్న భాగ్యమ్మ ఆ వాలకం చూసి పకపకా నవ్వింది. కొంగు ఒళ్లోనే ఉంది.

గరుకుదనం ఎముకకు పట్టు ఇస్తుంది, ఆ పట్టు చిక్కేదాకా కదపకుండా ఉండటం మనుషుల పని. ఆ తర్వాత ఏ రోగికైనా ఏం తినకూడదో చెప్పేముందు, ఇంటివాళ్లను పిలిచి ముట్టుకోవద్దని చెప్పేవాణ్ని.