బొంబాయిలో కాకి ముట్టిన ముద్ద

కొంపల్లి దాటితే రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష పందిళ్లే కనిపించిన కాలం పోయి, ఆ పందిళ్లు పీకి ప్లాట్ల రాళ్లు పాతుతున్న కాలం అది. శామీర్‌పేట దగ్గరి మా ఊళ్లో మా తోట మాత్రం ఇంకా మిగిలి ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో హోటల్ అంటే మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణమే. అంతకన్నా పెద్ద హోటళ్లు లోకంలో ఉంటాయని విన్నాం కాని, వాటిలో కూర్చుని మనుషులు ఏం తింటారో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు, నాకు తప్ప. నాకు చిన్నప్పటి నుంచి ఒక రోగం. కొత్త వస్తువు కనిపిస్తే ముందు ముట్టుకోవాలి, తర్వాత వాసన చూడాలి, వీలైతే నోట్లో పెట్టుకోవాలి. (పెళ్లయిన కొత్తలో మా ఆయన గడ్డానికి రాసుకునే క్రీము కొంచెం నాలుక మీద వేసుకుని చూశాను. బాగాలేదు.) అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అక్షరం ముక్క రాదు, అందువల్ల ఏ డబ్బాలో ఏముందో తెలుసుకోవడానికి నాకు అంతకన్నా వేరే దారి కూడా ఉండేది కాదు.

మా ఆడబిడ్డకు సంబంధం వచ్చింది అప్పుడే. కామారెడ్డి వైపు వాళ్లు. పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు, పిల్లను చూశారు, మెచ్చుకుని పోయారు. "బొంబాయిల పెద్ద హోటల్ల కొలువు" అని పిల్లవాడి తండ్రి చెప్పిన తీరుకు, ఆ హోటలు అతనిదేనేమో అన్నంత గౌరవం కలిగింది మాకు. ఇక మిగిలింది మా వాళ్లు పోయి పిల్లవాడి ఉనికీ ఉద్యోగమూ కళ్లతో చూసి రావడం. అలాంటి పనికి పిల్లను వెంట తీసుకుపోవడం ఆనవాయితీ కాదు. కాని షిర్డీ మొక్కు ఒకటి ఏళ్ల తరబడి తీరకుండా ఉండిపోయింది కాబట్టి, రెండు పనులూ ఒకే ప్రయాణంలో అయిపోతాయని మామయ్య తేల్చేశారు. కోతకొచ్చిన తోటకు కాపలాగా మా ఆయన ఉండిపోయారు. మామయ్య, ఆయన అక్కగారు, ఆడబిడ్డ, నేను, నలుగురం బొల్లారంలో రైలెక్కాం.

మామయ్య అక్కగారిని మేమంతా అత్తమ్మ అని పిలిచేవాళ్లం. చిన్న వయసులోనే భర్త పోయి తమ్ముడి ఇంటికి వచ్చేసింది. తర్వాత మరదలు కూడా పోతే మా ఆయననూ ఆడబిడ్డనూ తనే పెంచింది. ఇంట్లో మామయ్య గొంతు పెద్దది, అత్తమ్మ మాట పెద్దది. ఆమె 'ఊ' అనకుండా మా ఇంట్లో బర్రెను కూడా అమ్మిన పాపాన పోలేదు.

రైలు కామారెడ్డి దాటుతుండగా ఆడబిడ్డ నా పక్కకు జరిగి చెవిలో చెప్పింది. "వదినా, నాకు గా పిల్లగాడు మస్తు నచ్చిండు. ఇది తప్పిపోతే ఇంకొకరి ముందర పూలు వెట్టుకొని కూసునుడు నాతోని కాదు. నాయిన ఏమనడు. అత్తమ్మ నోరే భయం. జెర నువ్వు సూస్కోవాలె."

"నేను సూస్కుంట తీ" అన్నాను. డిగ్రీ చదివిన పిల్ల తన బతుకును తెచ్చి, షేవింగు క్రీము నాకి చూసిన మనిషి చేతిలో పెట్టింది. ఎంత భయంలో ఉంటే అలా చేసి ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

షిర్డీలో మొక్కు చెల్లించి బొంబాయి చేరాం. స్టేషనుకు పిల్లవాడే వచ్చాడు. ఉండే గది చూపించమని మామయ్య అడిగితే నవ్వి, "నలుగురు దోస్తులం ఒక్క రూముల ఉంటున్నం. అది సూస్తే మీరు పరేషాన్ అయితరు. నేను పని జేసే కాడికే రండ్రి, పగటి బువ్వ గాడనే" అన్నాడు. సముద్రం ఒడ్డున ఆ హోటలును చూసి మామయ్య మెడ వెనక్కి వంచి అంతస్తులు లెక్కపెట్టబోయి, ఎండ కళ్లలో పడి మానేశారు. లోపల ఒక జపాను భోజనశాల. మనుషులు ఉన్నారు కాని చప్పుడు లేదు. పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు అందరూ మెల్లగా తింటున్నారు. మమ్మల్ని కూర్చోబెట్టిన చోట బల్ల లేదు. నున్నగా చిత్రిక పట్టిన పొడవాటి చెక్క, దాని ముందు ఎత్తు కుర్చీలు, చెక్క మీద గాజు పెట్టెలో మంచు పరిచి, మంచు మీద చేప తునకలు పెట్టారు. అత్తమ్మ కష్టపడి కుర్చీ ఎక్కింది కాని కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. "గిదేందిరా, ఉయ్యాలల కూసున్నట్టుంది" అని రెండు కాళ్లూ పైకి లాక్కుని ఆ కుర్చీ మీదే సక్లంముక్లం వేసుకుని కూర్చుంది. అప్పుడు పట్టు బట్టలు కట్టుకున్న ఒక అమ్మాయి పళ్లెంలో తెల్లగా చుట్టినవి నాలుగు, పొగలు కక్కుతున్నవి, పట్టకారుతో తెచ్చి మా ముందు ఉంచింది. నేను వాసన చూశాను. నోటి దాకా కూడా తీసుకుపోయాను. ఇంతలో మామయ్య తనది విప్పారు. తువ్వాల! ఆయన దాంతో మొహం, మెడ, బట్టతల, చెవుల వెనక శుభ్రంగా తుడుచుకుని, దులిపి, భుజం మీద వేసుకున్నారు. ఆ అమ్మాయి వాటిని తిరిగి తీసుకుపోవడానికి వచ్చి, ఆయన భుజం చూసి, అడగలేక మూడింటితో వెళ్లిపోయింది.

పిల్లవాడు ఇప్పుడే వస్తానని లోపలికి పోయాడు. తిరిగి కనిపించింది మా పక్కన కాదు, చెక్కకు అవతలి వైపు. తెల్ల బట్టలు, తలకు తెల్ల గుడ్డ, చేతిలో సన్నటి పొడుగు కత్తి.

"ఏందిరా, పిల్లగాడు గాడ నిలవడ్డడేంది?" అంది అత్తమ్మ తమ్ముడితో. పిల్లవాడు దానికి తనే జవాబు చెప్పాడు.

"ఇదే నా పనమ్మా. మావోళ్లు కొలువని చెప్పిండ్రు, ఏం కొలువో చెప్పలేదు. మీరు కండ్లార సూసినంకనే ముచ్చట ముందుకు పోవాలని రమ్మన్న."

"అంటే... వంటోనివా?"

"అవునమ్మా."

అత్తమ్మ ఇక మాట్లాడలేదు. ఆమె మాట్లాడినప్పటికన్నా మాట్లాడనప్పుడే ప్రమాదం. ఆడబిడ్డ చెక్క కింద నా మణికట్టు పట్టుకుంది. నేనేదో ఒకటి చెయ్యాలి. కాని నా కళ్లు అప్పటికే పిల్లవాడి చేతుల మీద ఉన్నాయి. ఏం చేతులవి! నీళ్లలో వేళ్లు ముంచి, అరచేతులు ఒకసారి చరుచుకుని, కొయ్య తొట్టిలోంచి అన్నం తీశాడు. రెండు వేళ్లతో ఒత్తాడు, తిప్పాడు, మళ్లీ ఒత్తాడు. అంతే, కోడిగుడ్డంత ముద్ద, మెతుకు మెతుకూ కనిపిస్తున్నా విడిపోవడం లేదు. మేం పిల్లలకు ముద్దలు కలిపితే పిడికిలంతా బిగిస్తాం. ఇతను పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. ముద్ద మీద పచ్చి చేప తునక పడుకోబెట్టి, పైన నల్ల నువ్వులు చల్లి, మా ఎదుట పరిచిన పచ్చటి ఆకు మీద ఒక్కొక్కటి పెట్టాడు. నాలుగు ముద్దలు. నేను మెడ సాచి, మెతుకులు దేనితో అతుక్కున్నాయా అని చూస్తున్నాను. అత్తమ్మ కూడా చూస్తోంది కాని, ఆమెకు వేరే ఏదో కనిపిస్తోంది.

"తమ్ముడా," అంది గొంతు తగ్గించి. "తడి చేతులు. తెల్ల బట్టలు. ఆకు మీద ముద్దలు. మీద నల్ల నువ్వులు. మనం నలుగురం, నాలుగు ముద్దలు. బతికున్నోళ్లకు పిండాలు వెడుతున్నడురా పిల్లగాడు!"

ఆమె అనేదాకా నాకు తోచలేదు. అన్నాక ఇక ఇంకోలా కనిపించలేదు. పాపం, ఆ పిల్లవాడికి కూడా అప్పుడే తెలిసినట్టుంది. వంచిన తల ఎత్తి ఆకు వైపు చూశాడు, మొహం పాలిపోయింది. "అయ్యో, గట్ల కాదమ్మా, జపానోళ్లు గిట్లనే..." అని ఏదో చెప్పబోయాడు. అత్తమ్మ అప్పటికే ఒక కాలు కిందికి దించింది. "శుభమా అని పిల్లనియ్యనీకొస్తే గిదా సూసేది? లేవుండ్రి, పోదాం." ఆడబిడ్డ గోళ్లు నా మణికట్టులో దిగాయి.

నేనేం చేశానో చెబితే అది తెగువ అనుకునేరు. లేచి పోతే ఆ ముద్ద రుచి ఎలా ఉంటుందో జన్మలో తెలియదు కదా అన్న ఆత్రం తప్ప నా బుర్రలో ఆ క్షణం ఇంకేమీ లేదు. గబుక్కున నా ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను, మొత్తం. అన్నం పుల్లగా, కొంచెం తియ్యగా ఉంది. చేప చల్లగా, వెన్నలా ఉంది. బాగానే ఉంది కదా అనుకునేలోపు, ఆ రెండింటి మధ్య దాచిపెట్టినదేదో నిద్ర లేచింది. పచ్చి ఆవాలు నూరి ముక్కులో పోసినట్టయింది. అరవబోతే నోట్లో ముద్ద, ఉమ్మబోతే ఎదురుగా కాబోయే అల్లుడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుంటే నములుతూనే ఉన్నాను.

"సూడు, కాకి లెక్క ఎట్ల ఎగవడ్డదో!" అంది అత్తమ్మ కోపంగా.

ఆ మాట ఆమె తిట్టుగానే అంది. కాని మామయ్య కళ్లు మెరిశాయి. (మా వైపు చనిపోయినవారికి పెట్టిన ముద్దను ముందు కాకి ముట్టాలి. కాకి రాకపోతే ఇంటిల్లిపాదీ ఆకలితో ఆకాశం వైపు చూస్తూ నిలబడాల్సిందే. అది ముట్టిందంటే పోయినవారు తృప్తి పడ్డట్టు, ఇక అందరూ విస్తళ్ల ముందు కూర్చోవచ్చు.) ఆయన భుజం మీద తువ్వాల సర్దుకుని నింపాదిగా అన్నారు.

"ఆగక్కా. సరే, పిండాలే అనుకుందాం. కాకి ముట్టింది గదా? ఇగ మనం తినొచ్చు."

ముందు నవ్వింది ఆడబిడ్డ. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తర్వాత పిల్లవాడు చెక్కకు చేతులు ఆనించి తల దించుకుని నవ్వాడు. చప్పుడు లేని ఆ గదిలో జనమంతా మా వైపు తిరిగారు. "కాకే ఏడుస్తాంది సూడుండ్రి" అని మామయ్య నా కళ్లనీళ్లు చూపించి, తన ముద్ద నోట్లో వేసుకున్నారు. కాసేపు నమిలి, ముక్కు పట్టుకుని, తేరుకుని, "సద్దన్నం మీద చాప పెట్టిండక్కా. గంతే" అని తేల్చారు. అత్తమ్మ నవ్వలేదు. కాని దించిన కాలు మళ్లీ పైకి లాక్కుంది.

గండం గడిచిందనుకుని నేను నా రోగంలో పడ్డాను. ముల్లు ఎక్కడ తీశావు? అన్నం ఎందుకు పుల్లగా ఉంది? ఆ మంట పెట్టేది కాయా, గడ్డా? పచ్చిది తింటే కడుపులో ఏమీ కాదా? పిల్లవాడు ఎంత సంబరపడ్డాడో! సిర్కా అనే పుల్లటి నీళ్లు పోసి, విసనకర్రతో విసిరి అన్నం చల్లార్చే తీరు చూపించాడు, ఆకుపచ్చ గడ్డ తెచ్చి రాయి మీద అరగదీసి చూపించాడు. నేను అది కూడా నాకబోతుంటే అత్తమ్మ నా తొడ మీద గిల్లింది. "పెండ్లి నీదా, దానిదా? దాన్ని గూడ ఒక్క మాట మాట్లాడనియ్యి."

అందరం ఆడబిడ్డ వైపు చూశాం. తల ఎత్తకుండానే అడిగింది. "దినమంత చాపలు ముట్టుకుంటరు గదా. ఇంటికొచ్చేటాల్లకు చేతుల వాసన పోతదా?"

పిల్లవాడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నిమ్మకాయ వెట్టి రుద్దుకుంట."

"మంచిది" అంది. అంతే వాళ్ల పెళ్లిమాటలు. అంతకన్నా పనికొచ్చే ప్రశ్న పెళ్లిచూపుల్లో ఎవరూ అడగగా నేను వినలేదు.

అత్తమ్మ మాత్రం ఏమీ ముట్టలేదు. చెరువు చేపనే ఉప్పూ పసుపూ వేసి, మజ్జిగ పోసి, మళ్లీ మళ్లీ కడిగే మనిషి. ఆమె ముందున్న ముద్దను పిల్లవాడు మెల్లగా తీసేశాడు, ఆకు కూడా తీసేసి ఆ చోటు తుడిచాడు. లోపలికి పోయి కోడిగుడ్డు అట్టు పొరలు పొరలుగా వేసి తెచ్చి, కోసి, అన్నం ముద్ద మీద పెట్టి, నువ్వులు లేకుండా చిన్న పింగాణీ పళ్లెంలో ఆమె ముందు ఉంచాడు. "ఇది ఉడికిందేనమ్మా. నచ్చకుంటే వదిలెయ్." అని అక్కడే నిలబడ్డాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి కొరికింది. "గుడ్డుల చక్కెరేసినవేంది బిడ్డా?" అంది. కాని పళ్లెం ఖాళీ చేసింది. అతను పళ్లెం తీసుకుని, వంగి, "ఇంకోటి పెట్టాల్నా అమ్మా?" అని అడిగాడు.

అత్తమ్మ అతని వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. "ఏందక్కా, నచ్చలేదా?" అన్నారు మామయ్య.

"అది కాదురా," అందామె. "మన నాయినకు వడ్డిచ్చిన. మా ఆయనకు వడ్డిచ్చిన. నీకు, నీ కొడుక్కు వడ్డిస్తనే ఉన్న. నేను కూసుంటే, మగోడు నిలవడి, ఇంకోటి పెట్టాల్నా అని అడుగుడు నా జన్మల గిదే సురువు."

మామయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నారు. తుడుచుకోవడానికి ఏమీ లేదు.

"పెట్టు బిడ్డా," అంది అత్తమ్మ పిల్లవాడితో. ఆ రెండోది కూడా తిన్నాక తమ్ముడి వైపు తిరిగింది. "పిల్లనిద్దాం. వంటోడైతే ఏమాయె, మన పిల్ల కూసోని తింటది." కుర్చీ దిగుతూ ఒక్క షరతు పెట్టింది. "కని పిల్లగా, నల్ల నువ్వులు మాత్రం మా ఇంటి దిక్కు తేవద్దు."

పెళ్లి బాగా జరిగింది. ఊరంతా నన్ను కొన్నేళ్లు కాకి వదిన అని పిలిచింది. అత్తమ్మ బతికి ఉన్నన్నాళ్లూ ద్రాక్ష కోతలు కాగానే బొంబాయి పోయి వారం రోజులు ఉండి వచ్చేది. ఏం చూసి వచ్చావు అత్తమ్మా అంటే, "ఏం సూడలే. కూసోని తిని వచ్చిన" అనేది.

మొన్న ఆడబిడ్డ, ఆమె భర్త వచ్చినప్పుడు కొంపల్లిలో మాల్‌లో అలాంటి జపాను భోజనశాలకే తీసుకుపోయారు. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. తెలుగు మాత్రమే కాదు, ఇంగ్లీషు అక్షరాలు కూడా కూడబలుక్కోగలను. కళ్లద్దాలు పెట్టుకుని, అక్కడ ఇచ్చిన వంటకాల పేర్ల అట్టను మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాను. అందులో పచ్చిదని రాసి ఉన్న చోటల్లా నా వేలు దానంతటదే కిందికి జారింది. చివరికి కూరగాయల నూడుల్స్ చెప్పాను. "ఏందక్కా గిది, నువ్వేనా?" అని ఆడబిడ్డ భర్త నవ్వాడు. నేనే. అక్షరం రాని ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల ఆ పూట నా పక్కన కూర్చుని ఉంటే, నా నూడుల్స్ వైపు జాలిగా ఒకసారి చూసి, ఎదుటివాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టేది.